బాణసంచా: చట్టము, మన బాధ్యత

దీపావళి బాణసంచాను మానిపింపవలెనని మేము కోరుట లేదు. పిల్లల చేత కాకరపువ్వొత్తియు, వాకిట మతాబు, చిచ్చుబుడ్డియు లేని పండుగ మన గోదావరి జిల్లాలలో పండుగగానే తోచదు. పెండ్లి ఊరేగింపులందును, గ్రామదేవతల జాతరలందును ఈ వేడుక కలదు. కాని దీని వెల యెంత, ఆ వెలను చెల్లించుచున్న వారెవ్వరు అను ప్రశ్నను పాఠక మహాశయులు ఒక్కమారు తమకు తామే వేసికొనవలెనని మనవి చేయుచున్నాము.

2014వ సంవత్సరము అక్టోబరు 20వ తేదీన కొత్తపల్లి మండలము వాకతిప్ప గ్రామమున బాణసంచా తయారుచేయుచోట ప్రేలుడు సంభవించి పదిమందికి పైగా మరణించిరి. 2025 అక్టోబరు 8వ తేదీన రాయవరము మండలము కొమరిపాలెమున అట్టి కర్మాగారముననే ఆరుగురికి పైగా అగ్నికి ఆహుతియైరి. రెండును దీపావళికి ముందటి దినములలో, గిరాకి ముమ్మరముగా నున్న వేళ జరిగినవే. మృతులలో కూలికి వచ్చిన స్త్రీలును గలరు. వీరు టపాకాయ కాల్చి చనిపోయినవారు కారు. మనము కాల్చుకొనుటకై మందు కూరుచు చనిపోయినవారు.

చట్టము లేకపోలేదు. ప్రేలుడు పదార్థముల చట్టమును 1884లో ఆంగ్లేయులు చేసిరి; దాని క్రింది నియమములను 2008లో మన ప్రభుత్వమే క్రొత్తగా ప్రకటించెను. పరపాలకులు చేసిన చట్టమని దీనిని ఉపేక్షింప వీలులేదు. నిప్పు ఏలినవారిని చూచి కాల్చదు. ఈ నియమముల ప్రకారము జిల్లా మేజిస్ట్రేటు ఇచ్చెడి తయారీ అనుమతి ఒక్కసారికి 15 కిలోలకు మించని సరుకునకే. అంతకు మించినచో ప్రేలుడు పదార్థముల శాఖవారి అనుమతి కావలెను. పదునెనిమిదేండ్లు నిండని వారిని ఈ పనిలో పెట్టుకొనరాదు. పండుగ అంగళ్ళను నిప్పంటుకొనని వస్తువులతో కట్టవలెను, అంగడికిని అంగడికిని నడుమ 3 మీటర్ల ఎడముండవలెను, ఎదురెదురుగా నుండరాదు, నూనెదీపము, గ్యాసుదీపము అచ్చట వెలిగింపరాదు, ఒక్కచోట 50 అంగళ్ళకు మించి కూడదు.

కాల్చువారికిని హద్దులు కలవు. రాత్రి 10 గంటలు మొదలు ఉదయము 6 గంటల వరకు చప్పుడు చేయు టపాకాయలు కాల్చరాదని సుప్రీముకోర్టు 2005లో శాసించినది. 2018 అక్టోబరు 23వ తేదీ తీర్పున దీపావళినాడు రాత్రి 8 మొదలు 10 వరకు, రెండు గంటలు మాత్రమే కాల్చవచ్చుననెను. వేయివాలా వంటి టపాకాయల సరములను నిషేధించెను. పొగ తగ్గిన హరిత టపాకాయలకే అనుమతి యిచ్చెను. ఆసుపత్రులకు, పాఠశాలలకు, న్యాయస్థానములకు 100 మీటర్ల లోపల చప్పుడు చేయు సరుకు కాల్చరాదు.

ఇక ఉల్లిపాయ బాంబు సంగతి. దీనికి వత్తితో పని లేదు. నేలకు కొట్టిన చాలును, ప్రేలును. 2024 అక్టోబరు 31వ తేదీన, దీపావళినాడే, ఏలూరులో స్కూటరుపై వీనిని సంచిలో తీసికొనిపోవుచుండగా బండి గోతిలో పడెను. సరుకు ప్రేలి ఒకరు మరణించిరి, ఆరుగురు గాయపడిరి. గంధకమును పొటాసియము క్లోరేటును కలిపిన మందు ఒరపిడికే ప్రేలును గనుకనే అట్టి మిశ్రమమును చట్టము నిషేధించినది. ఊరూపేరూ లేని పొట్లములలో ఏ మందు కూరిరో కొన్నవానికి తెలియదు, మోసినవానికి తెలియదు.

భూస్వాములకు మాదొక విన్నపము. కొబ్బరితోటలోని పాకను గాని, ఖాళీగానున్న ధాన్యపుకొట్టును గాని బాణసంచావారికి అద్దెకిచ్చునపుడు, అద్దె యెంత అని అడుగుటకు ముందు అనుమతిపత్రమేదియని అడుగుడు. అందు వ్రాసిన పరిమాణమెంత, లోపల నున్న సరుకెంత, పనివారెందరు అని చూచుట మీ విధి. తమ పాలేరు బిడ్డయే ఆ పాకలో కూలికి పోవుచుండవచ్చును. పట్టణవాసులకును ఇంతే. తయారుచేసినవారి పేరు, అనుమతి గుర్తు లేని పెట్టెను చౌకయని కొనరాదు. ఆ చౌక ఒకరి ప్రాణమును తరుగు వేసి వచ్చినదే.

అధికారులు పండుగకు వారము ముందు వచ్చి అంగళ్ళను లెక్కించి పోయిన చాలదు. సరుకు మూడు నాలుగు మాసముల ముందే పాకలలో తయారగుచుండును. తనిఖీయు అప్పుడే, చెప్పకుండ జరుగవలెను. ప్రేలుడైన పిమ్మట ప్రకటించెడి పరిహారము కంటె, ప్రేలకముందు మూయించిన ఒక్క పాక మేలు.

నరకుని పీడ వదలినందుకు దీపములు పెట్టుదుమని మన పెద్దలు చెప్పుదురు. ఆ దీపములు వెలుగుటకు పేదయింటి దీపము ఆరవలసిన పని లేదు.