ఉత్సవ దృశ్యములను కాపాడుకొనుట – ఇంటి డి.వి.డి. రికార్డరును వాడు విధము

శరన్నవరాత్రులు సమీపించుచున్నవి. ఇంద్రకీలాద్రిపై అమ్మవారి అలంకారములను, విజయదశమి సాయంసమయమున కృష్ణవేణిలో హంసవాహనముపై జరుగు తెప్పోత్సవమును టీవీలో దర్శించి, వానిని ఇంట భద్రపరచుకొనగోరు భక్తులు నేటికిని అనేకులు కలరు. వారిలో కొందరి ఇండ్లలో డి.వి.డి. రికార్డరు ఇంకను పనిచేయుచున్నది. ఇంకెందరి బీరువాలలోనో ఆ యంత్రముతో పూర్వము నింపిన డిస్కులున్నవి. 2004 కృష్ణా పుష్కరములలో హ్యాండీక్యామ్‌తో తీసిన పుణ్యస్నానములు, స్వామివారి సన్నిధిలో జరిపించుకొన్న కల్యాణసేవ, నేడు మన మధ్య లేని పెద్దల కంఠస్వరము, ఇవన్నియు వానిలో ఉండవచ్చును. 2016 ఆగస్టు 12 నుండి 23 వరకు జరిగిన పుష్కరములను టీవీ నుండి రికార్డు చేసికొన్నవారును ఉన్నారు. బృహస్పతి మరల కన్యారాశిలో ప్రవేశించునది 2028లో. అప్పటికి ఈ యంత్రములలో ఎన్ని పనిచేయుచుండునో చెప్పలేము. వీడియో క్యాసెట్ యంత్రములను తయారుచేయు చివరి సంస్థయైన జపాను దేశపు ఫునాయ్ 2016 జూలైలో ఆ పనిని విరమించినది. డి.వి.డి. రికార్డరులును నేడు దుకాణములలో కానరావు. కావున యంత్రము పనిచేయుచుండగానే చేయవలసిన పనులను ఇచట వివరించుచున్నాము.

అన్నిటికంటె ముఖ్యమైనది ‘ఫైనలైజ్’ అను పని. ఇది తెలియకనే చాలమంది డిస్కులు నిరుపయోగములగుచున్నవి. రికార్డరు ఒక డిస్కుపై దృశ్యములను వ్రాయుచున్నంతకాలము, ఏ దృశ్యము ఎచట మొదలై ఎచట ముగిసినదో తెలుపు విషయసూచికను తనకు మాత్రమే అర్థమగు రీతిలో ఉంచుకొనును. గ్రంథమంతయు వ్రాసి, సూచికను మాత్రము లేఖకుడు తన మనస్సులోనే ఉంచుకొనుట వంటిదిది. ఫైనలైజ్ చేసినపుడే ఆ సూచిక అన్ని యంత్రములు చదువగల రూపములో డిస్కుపై వ్రాయబడును. ఆ పని చేయని డిస్కును మరియొక ప్లేయరులోనో కంప్యూటరులోనో పెట్టినచో ‘నో డిస్క్’ అనియో, ఖాళీ డిస్కు అనియో చూపును. దృశ్యములు పోలేదు. వానిని చేరు దారి లేదు, అంతే. వ్రాసిన యంత్రము పాడైనచో ఆ దారి దాదాపు మూసికొనిపోవును. అదే సంస్థవారి అదే తరహా యంత్రము దొరికినచో కొన్ని పర్యాయములు ఫైనలైజ్ అగును. వేరొక సంస్థ యంత్రము సాధారణముగా అంగీకరించదు.

కావున నేడే చేయదగిన పని ఇది. మీ పాత డిస్కులను ఒక్కొక్కటిగా వ్రాసిన యంత్రములోనే పెట్టి, రిమోటుపై ‘సెటప్’ లేక ‘ఫంక్షన్ మెనూ’ మీటను నొక్కుడు. తెరపై వచ్చు పట్టికలో ‘డిస్క్ ఇన్ఫో’ లేక ‘డిస్క్ సెట్టింగ్’ అను వరుస ఉండును. అందు డిస్కు ఫైనలైజ్ అయినదో లేదో చూపును. కానిచో అచటనే ‘ఫైనలైజ్’ అను పదమును బాణపు గుర్తులతో ఎంచుకొని ‘ఓకే’ లేక ‘ఎంటర్’ నొక్కవలెను. ‘మీకు సమ్మతమేనా’ అని యంత్రము ఆంగ్లమున మరల అడుగును. ‘యెస్’ అనవలెను. పని పూర్తియగుటకు కొన్ని నిమిషములు మొదలు అరగంటకు పైబడి కూడ పట్టవచ్చును. ఈ నడుమ విద్యుత్తు పోయినచో డిస్కు చెడవచ్చును. మన ప్రాంతపు ఇండ్లలో ఇన్వర్టరును ఫ్యానులకు, దీపములకు మాత్రమే కలుపుట వాడుక. ఈ ఒక్క పనికి మాత్రము రికార్డరును ఇన్వర్టరు ప్లగ్గులో పెట్టుకొనుట మేలు.

డిస్కులన్నిటికి ఒకే నియమము లేదు. డి.వి.డి. మైనస్ ఆర్, ప్లస్ ఆర్ డిస్కులు ఒకమారు ఫైనలైజ్ అయిన పిదప ఇక ఏమియు వ్రాయుటకు వీలుండదు. మైనస్ ఆర్.డబ్ల్యు. డిస్కును ‘అన్‌ఫైనలైజ్’ చేసి మరల వాడవచ్చును. ప్లస్ ఆర్.డబ్ల్యు. డిస్కునకు సాధారణముగా ఈ పనియే అవసరముండదు. కొత్త ఆర్.డబ్ల్యు. డిస్కును పెట్టినపుడు యంత్రము ‘ఇనిషియలైజ్’ చేయుమనుచు ‘వీడియో మోడ్’, ‘వి.ఆర్. మోడ్’ అని రెండింటిని చూపినచో వీడియో మోడునే ఎంచుకొనవలెను. వి.ఆర్. మోడులో కత్తిరింపులు, కూర్పులు సులభములే గాని, ఆ డిస్కు చాల ప్లేయరులలో ఆడదు. బంధువులకు పంపదలచిన డిస్కునకు అది పనికిరాదు.

ఇక కొత్తగా రికార్డు చేయు విషయము. టైమరు పెట్టుటలో జరుగు పొరపాట్లలో ఎక్కువ భాగము గడియారమునకు సంబంధించినవే. ముందుగా సెటప్ మెనూలో ‘క్లాక్’ లోనికి వెళ్లి తేదిని, సమయమును సరిచూడవలెను. ఎక్కువసేపు విద్యుత్తు పోయినచో చాల యంత్రములలో గడియారము చెరిగి అంకెల స్థానమున గీతలు కనిపించును. అప్పుడు టైమరు పనిచేయదు. ఈ గడియారము 24 గంటల లెక్కలో ఉండును. మధ్యాహ్నము ఒంటిగంటన్నర అనగా 13:30.

ఇంకొక చిక్కు మన కాలగణనలోనే ఉన్నది. మనకు దినము సూర్యోదయముతో ఆరంభమగును. యంత్రమునకు అర్ధరాత్రితో ఆరంభమగును. ముక్కోటి ఏకాదశి శుక్రవారము వచ్చినదనుకొందము. వేకువ 3 గంటలకు మొదలగు ఉత్తరద్వార దర్శన ప్రసారమును మనవారు ‘గురువారము రాత్రి తెల్లవారుజామున’ అని చెప్పుకొందురు. ఆ మాట ననుసరించి టైమరులో గురువారపు తేది వేసి 03:00 అని పెట్టినచో, యంత్రము దృష్టిలో ఆ సమయము ఎప్పుడో గడచిపోయినది. శుక్రవారపు తేదియే వేయవలెను. సుప్రభాత సేవా ప్రసారములకును ఇదే వర్తించును.

తేదీ, ఆరంభము, ముగింపు నిర్ణయించిన పిదప ‘ఛానల్’ అను గడి వచ్చును. ఇచట కాలము మారినది. పాత రికార్డరులలోని ట్యూనరు పూర్వపు అనలాగ్ కేబులునకు తగినది. 2012 మొదలు 2017 వరకు దేశమంతట దశలవారీగా కేబులు ప్రసారములు డిజిటల్ అయి, ప్రతి ఇంటికి సెట్‌టాప్ బాక్సు వచ్చినది. కనుక ఆ గడిలో ఛానల్ సంఖ్యకు బదులు ‘ఏవీ 1’ లేక ‘లైన్ 1’ అని ఎంచుకొనవలెను. బాక్సు నుండి పసుపు, తెలుపు, ఎరుపు రంగుల తీగెలను రికార్డరు వెనుకనున్న అదే పేరుగల రంధ్రములలో అమర్చవలెను. రికార్డరు బాక్సులోని ఛానలును మార్చలేదు. 2008లో ఆరంభమైన శ్రీ వేంకటేశ్వర భక్తి ఛానలు కావలెనన్నచో, బాక్సును ఆ ఛానలుపైనే ఉంచి, ఆపక వదిలి నిద్రించవలెను. కొన్ని బాక్సులు కొన్ని గంటలు మీట నొక్కనిచో తమంత తామే ఆగిపోవును. బాక్సు మెనూలో ‘ఆటో స్టాండ్‌బై’ అను వరుసను ‘ఆఫ్’ చేసికొనవలెను. పసుపు తీగెకు స్థానమే లేని కొత్త బాక్సులతో ఈ రికార్డరులు కుదరవు.

తరువాత ‘రెక్ మోడ్’. సాధారణ డిస్కు పరిమాణము 4.7 గిగాబైట్లు. అందు ఎక్స్.పి. అను పద్ధతిలో 1 గంట, ఎస్.పి.లో 2 గంటలు, ఎల్.పి.లో 4 గంటలు, ఈ.పి.లో 6 లేక 8 గంటలు పట్టును. సమయము పెరిగినకొలది దృశ్యపు స్పష్టత తగ్గును. ధ్వని అంతగా చెడదు. ఈ భేదమును గుర్తించినచో ఎంపిక సులభము. ఒకచోట కూర్చుండి పెద్దలు చేయు పురాణ ప్రవచనమునకు ఎల్.పి. చాలును. అచట కావలసినది వాక్కు. కూచిపూడి భాగవతుల నృత్యమునకు మాత్రము ఎస్.పి.కి తగ్గరాదు. వేగముగ కదలు హస్తములు, పాదములు తక్కువ పద్ధతిలో చతురస్రములుగా చెదరి కనిపించును. హంసవాహన తెప్పోత్సవములో నీటిపై కదలు దీపకాంతులకును ఇదే ఇబ్బంది. భద్రాచలమున శ్రీరామనవమి నాడు అభిజిల్లగ్నమున జరుగు కల్యాణము వంటివి ప్రకటించిన సమయమును దాటుట సహజము. ముగింపు సమయమునకు అరగంట కలిపి పెట్టుకొనుడు. తలంబ్రాలకు ముందే రికార్డింగు ఆగిపోవుట ఎవరికిని ఇష్టముండదు.

రికార్డింగు పూర్తియైన పిదప ‘టైటిల్ లిస్ట్’ అను పట్టిక తెరచినచో ఒక్కొక్క దృశ్యము చిన్న చిత్రముగా కనిపించును. ‘ఎడిట్’ లేక ‘టైటిల్ నేమ్’ ద్వారా దానికి పేరు పెట్టవచ్చును. తెలుగు లిపి ఉండదు. ఆంగ్లాక్షరములను ఒక్కొక్కటిగా ఏరి కూర్చవలెను. విసుగు పుట్టించు పనియే అయినను, సంవత్సరమును మాత్రమైనను వ్రాయుడు. పదేండ్ల పిదప ఏ దసరా దృశ్యము ఏ యేటిదో ఎవరికి తెలియును? ‘ప్రొటెక్ట్’ అని పెట్టినచో పొరపాటున చెరిగిపోదు. ‘ఎరేజ్’ అను మాటతో జాగ్రత్త. మైనస్ ఆర్ డిస్కుపై చెరిపినను ఖాళీ స్థలము తిరిగి రాదు. ‘ఫార్మాట్’ అన్నచో ఆర్.డబ్ల్యు. డిస్కుపై ఉన్నదంతయు పోవును. పేర్లు పెట్టుట, చెరుపుట వంటి పనులన్నియు ఫైనలైజ్‌కు ముందే ముగించవలెను. సినిమా డిస్కుల వంటివాని నుండి నకలు తీయబోయిన యంత్రము నిరాకరించును. అది యంత్రదోషము కాదు.

పాత క్యాసెట్ల నుండి డిస్కునకు మార్చుటకును ఇవే తీగెలు, ఇదే ‘లైన్’ ఎంపిక. సముద్రతీరపు తేమ వలన మచిలీపట్నం, అవనిగడ్డ, రేపల్లె ప్రాంతములలో క్యాసెట్లకు బూజు త్వరగా పట్టును. కిటికీ వంటి భాగములో టేపు చుట్టపై తెల్లని పొడి కనిపించినచో దానిని యంత్రములో పెట్టరాదు. బూజు యంత్రములోనికి పాకి తక్కిన క్యాసెట్లను కూడ పాడుచేయును. తెలిసినవారిచే శుభ్రము చేయించవలెను.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోని పెక్కు ఇండ్లు మునిగినవి. అట్టి వరదలో నానిన డిస్కులను బురద చూచి పారవేయ పనిలేదు. డి.వి.డి. 1.2 మిల్లీమీటర్ల మందముగల ప్లాస్టిక్ బిళ్ల. వ్రాత రెండు పొరల నడుమ ఉండును. శుభ్రమైన నీటిలో మెల్లగా కడిగి, రుద్దక, మెత్తని గుడ్డతో మధ్య నుండి అంచు వైపునకు నేరుగా తుడిచి, నీడలో ఆరనిచ్చినచో చాల వరకు ఆడును. గుండ్రముగా తుడువరాదు.

కొందరు భక్తులు ఉత్సవపు డిస్కును పూజామందిరములో ఉంచి పసుపు కుంకుమలు పెట్టుచున్నారు. భక్తి మంచిదే. బొట్టును పెట్టెపై పెట్టుడు, డిస్కుపై వలదు. దీపపు పొగ, కర్పూరపు మసి, నూనె దానికి సరిపడవు. చీకటిగల పొడి బీరువాలో నిలువుగా ఉంచుడు. డిస్కుపై కాగితము అంటించక, మెత్తని మొనగల మార్కరుతో మాత్రమే పేరు వ్రాయుడు. ఫైనలైజ్ అయిన డిస్కును కంప్యూటరులో పెట్టి, అందలి ‘వీడియో టి.ఎస్.’ అను ఫోల్డరును హార్డ్ డిస్కులోనికి యథాతథముగా నకలు చేసికొనుట అన్నిటికంటె మేలు. రెండు చోట్ల రెండు నకళ్లుండినచో ఒకటి పోయినను రెండవది మిగులును.

చివరిగా రిమోటు మాట. ఈ యంత్రముల ముందు భాగమున ప్లే, స్టాప్, రెక్ వంటి కొన్ని మీటలే ఉండును. ఫైనలైజ్‌తో సహా మెనూ పనులు చాల యంత్రములలో రిమోటు లేనిదే జరుగవు. యంత్రమును మూలనపెట్టునపుడు రిమోటులోని బ్యాటరీలను తీసివేసి, రిమోటును యంత్రముతో కలిపి ఒకే సంచిలో కట్టి ఉంచుడు. బ్యాటరీ కారి లోపలి తీగెలు పచ్చబడిన రిమోటునకు బదులు సరియైనది నేడు దొరకుట కష్టము.