షేకర్ల హస్తకళలు, చిత్రాలు, పత్రాల సేకరణలు

షేకర్లు అమెరికాలో సమష్టి జీవనం సాగించిన ఒక క్రైస్తవ సమాజం. ఆరాధన సమయంలో వణకుతూ, ఊగుతూ నర్తించడం వలన వీరికి 'ఊగేవారు' అనే అర్థంలో ఈ పేరు వచ్చింది. వీరి కొయ్యసామాను, చిత్రాలు, చేతివ్రాత పుస్తకాలు నేడు పూర్వపు షేకర్ గ్రామాలలోను, కొన్ని పెద్ద గ్రంథాలయాలలోను భద్రంగా ఉన్నాయి.

నేపథ్యం

ఇంగ్లండులోని మాంచెస్టర్ నగరానికి చెందిన ఆన్ లీ 1774లో కొద్దిమంది అనుచరులతో అమెరికా చేరింది. ఆమె స్థాపించిన సమాజంలో ఆస్తి ఉమ్మడిది. స్త్రీపురుషులందరూ బ్రహ్మచర్యం పాటించేవారు. కొత్తగా చేరేవారు తగ్గినకొద్దీ గ్రామాలు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. కన్నబిడ్డలు లేనందున, తరతరాల వస్తువులు ఎవరికి చేరాలనేది చివరితరం వారే నిర్ణయించవలసి వచ్చింది.

గ్రామాలు, ప్రదర్శనశాలలు

* హాంకాక్ (మసాచుసెట్స్): 1960లో షేకర్లు విడిచిన ఈ గ్రామం ప్రదర్శనశాలగా మారింది. 1826 నాటి గుండ్రని రాతి పశువులశాల ఇక్కడి ముఖ్య ఆకర్షణ.
* కాంటర్బరీ (న్యూ హాంప్‌షైర్): ఇక్కడి చివరి షేకర్ సోదరి 1992లో మరణించింది. గ్రామం అంతకుముందే, 1969లో ప్రదర్శనశాల అయింది.
* ప్లెజెంట్ హిల్ (కెంటకీ): 1910లో సమాజం రద్దయింది. 1961 తరువాత భవనాలను పునరుద్ధరించారు.
* సబ్బత్‌డే లేక్ (మెయిన్): షేకర్లు ఇప్పటికీ నివసిస్తున్న ఏకైక గ్రామం. ఇక్కడ ప్రదర్శనశాల, గ్రంథాలయం రెండూ ఉన్నాయి.
* షేకర్ మ్యూజియం (న్యూయార్క్ రాష్ట్రం): జాన్ విలియమ్స్ 1950లో స్థాపించాడు. షేకర్ల ప్రధాన కేంద్రమైన మౌంట్ లెబనాన్ స్థలం కూడా దీని సంరక్షణలో ఉంది.

న్యూయార్క్ నగరంలోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో మౌంట్ లెబనాన్ నుండి తెచ్చి అమర్చిన ఒక షేకర్ గది ఉంది. ఇంగ్లండులో బాత్ నగరం వద్దగల అమెరికన్ మ్యూజియంలోనూ షేకర్ సామగ్రి చూడవచ్చు.

చిత్రాలు

కుర్చీలు, బల్లలు, అండాకారపు చెక్కపెట్టెల తయారీలో షేకర్లు అలంకరణను వర్జించారు. అయితే 1840, 1850 దశకాలలో కొందరు, ముఖ్యంగా స్త్రీలు, పరలోకం నుండి కానుకగా అందినవని నమ్మి రంగురంగుల చిత్రాలు వేశారు. వీటిని 'కానుక చిత్రాలు' అంటారు. హన్నా కొహూన్ 1854లో చిత్రించిన 'జీవవృక్షం' వీటిలో ప్రసిద్ధమైనది. ఇది హాంకాక్‌లో ఉంది.

పత్రాలు

20వ శతాబ్దపు తొలి దశకాలలో క్లీవ్‌లాండ్ నగరంలోని వెస్టర్న్ రిజర్వ్ హిస్టారికల్ సొసైటీ తరఫున వాలెస్ కాత్‌కార్ట్ షేకర్ల పత్రాలను సేకరించాడు. మౌంట్ లెబనాన్‌కు చెందిన పెద్ద, కాథరిన్ ఆలెన్, మూతపడుతున్న గ్రామాల నుండి దినచర్యలు, ఒడంబడికలు, లేఖలు, కీర్తనల పుస్తకాలు తెప్పించి ఆయనకు అందజేసింది. ఈ విధంగా షేకర్ల వ్రాతప్రతుల అతిపెద్ద సేకరణ ఏర్పడింది. డెలావేర్‌లోని వింటర్‌థర్ గ్రంథాలయం, వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, న్యూయార్క్ రాష్ట్రంలోని హామిల్టన్ కళాశాల కూడా విలువైన సేకరణలు కలిగి ఉన్నాయి.

ప్రాధాన్యం

వ్యక్తిగత ఖ్యాతిని షేకర్లు కోరలేదు. అందువలన అనేక వస్తువులపై చేసినవారి పేరు కనిపించదు. ఒక కుర్చీని ఏ గ్రామంలో, ఎవరు, ఎప్పుడు చేశారో తెలుసుకోవడానికి దినచర్యలు, లెక్కల పుస్తకాలే ఆధారం. వస్తువు ఒకచోట, దాని వివరం వేరొకచోట ఉండవచ్చు కనుక షేకర్ల చరిత్రను అధ్యయనం చేసేవారు ప్రదర్శనశాలతో పాటు గ్రంథాలయాన్ని కూడా సంప్రదించవలసి ఉంటుంది.