గేర్ బాక్స్ మీద నింద వేసే ముందు

రాయల్ ఎన్‌ఫీల్డ్ థండర్‌బర్డ్ 2002లో దూర ప్రయాణాల బండిగా వచ్చింది, 2020లో ఆగిపోయింది. అప్పట్లో కొన్న బళ్లు ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లోనో థర్డ్ హ్యాండ్‌లోనో తిరుగుతున్నాయి. మీటరు ఎనభై వేలు, లక్ష చూపించేవీ తక్కువేం కాదు. అలాంటి బండి సిగ్నల్ దగ్గర న్యూట్రల్‌లో ఆగి, కింద ఎక్కడో గలగలమంటే చాలు, పక్కనున్నవాళ్లు గేర్ బాక్స్ పోయిందని తేల్చేస్తారు. ఆ తీర్పు చాలాసార్లు తొందరపాటే. ఇంజన్, క్లచ్, గేర్లు ఒకదానికొకటి అతుక్కుని ఉండే లోహపు పెట్టెలో ఒక మూల పుట్టిన చప్పుడు ఇంకో మూల వినిపించడం మామూలే. కాబట్టి చప్పుడు ఎక్కణ్ణుంచి వస్తోందని చెవిని అడగడం కన్నా, ఆ క్షణాన బండిలో ఏవేవి తిరుగుతున్నాయని అడగడం మేలు. తిరిగేవాటిని ఒక్కొక్కటిగా ఆపుకుంటూ పోతే, దేన్ని ఆపినప్పుడు చప్పుడు ఆగిందో అక్కడే దాని మూలం దొరుకుతుంది. పానా పట్టుకోవడం ఆ తర్వాతి పని.

అసలు న్యూట్రల్‌లో ఉన్న గేర్ బాక్స్ ఎందుకు మోగాలి? బండి కదలడం లేదు కాబట్టి లోపల గేర్లు కూడా ఊరుకున్నాయని చాలామంది అనుకుంటారు. నిజానికి ఈ బళ్లలో గేర్ల జతలన్నీ ఎప్పుడూ పళ్లు కలుపుకునే ఉంటాయి. మనం గేరు వేసినప్పుడు జరిగేదల్లా, వాటిలో ఒక జతను షాఫ్టుకు బిగించడమే. న్యూట్రల్‌లో క్లచ్ వదిలి ఉంచితే ఇంజన్ వైపు షాఫ్టు తిరుగుతూనే ఉంటుంది, దానితోపాటు గేర్లూ ఏ బరువూ లేకుండా తిరుగుతాయి. ఇక ఇంజన్ సంగతి చూడండి. 346 సీసీ, ఒకటే సిలిండర్, రెండు చుట్లకొకసారి మంట. నిమిషానికి వెయ్యి చుట్ల ఐడ్లింగ్‌లో సెకనుకు ఎనిమిది దెబ్బలు పడతాయి. ప్రతి దెబ్బకూ క్రాంక్ ఒక్క ఉదుటున ముందుకు దూకి, మళ్లీ మందగిస్తుంది. గేరు పళ్ల మధ్య కొంత సందు ఉండి తీరాలి, లేకపోతే అవి బిగుసుకుపోతాయి. ఆ సందులో పళ్లు అటూ ఇటూ కొట్టుకుంటాయి, చేతికి వదులైన గాజుల్లా. వేల కిలోమీటర్ల అరుగుదలకు సందు పెరుగుతుంది, ఆయిల్ వేడెక్కి పలచబడితే పళ్ల మధ్య మెత్తదనం కూడా తగ్గుతుంది. అందుకే చల్లగా ఉన్నప్పుడు లేని గలగల, గంటసేపు నడిపాక మొదలవుతుంది. ఎక్సలేటర్ కొద్దిగా తిప్పగానే పోతుంది, ఎందుకంటే వేగం పెరిగేకొద్దీ క్రాంక్ ఒడుదొడుకులు తగ్గుతాయి. ఇలా వచ్చిపోయే చప్పుడు వయసు లక్షణమే గానీ జబ్బు కాదు. ఇక్కడ ఒక తమాషా ఉంది. 2009 తర్వాతి ట్విన్‌స్పార్క్ బళ్లలో రెండు ప్లగ్గులుంటాయి. ఒకటి పనిచేయకపోయినా ఇంజన్ నడుస్తుంది, కానీ ఐడ్లింగ్ తడబడుతుంది, ఆ తడబాటుకు గేర్లు ఇంకా గట్టిగా మోగుతాయి. తప్పు ప్లగ్గుది, నింద గేర్లకు. ఐడ్లింగ్ మరీ తక్కువకు పెట్టినా ఇదే గొడవ.

అన్నిటికంటే విలువైన పరీక్షకు ఖర్చేమీ లేదు. బండి వేడెక్కాక న్యూట్రల్‌లో ఉంచి క్లచ్ లివర్ పూర్తిగా నొక్కి కాసేపు పట్టుకోవాలి. నొక్కగానే గేర్ల వైపు షాఫ్టు నెమ్మదించి ఆగుతుంది, ఇంజన్, ప్రైమరీ చైన్, క్లచ్ బెల్ మాత్రం తిరుగుతూనే ఉంటాయి. నొక్కినా చప్పుడు తగ్గలేదంటే గేర్ బాక్స్‌ను అప్పటికి వదిలేయొచ్చు. సాగిన ప్రైమరీ చైన్, అరిగిన టెన్షనర్, టాపెట్లు, సెల్ఫ్ స్టార్టర్ క్లచ్ వంటివి చూడాలి. నొక్కినప్పుడే చప్పుడు మొదలైతే క్లచ్‌ను విడదీసే బేరింగ్‌నో పుష్ రాడ్‌నో అనుమానించాలి. నొక్కగానే ఆగిపోతే? చాలామంది మెకానిక్‌లు ఇక్కడే పొరపడతారు. చప్పుడు ఆగింది కాబట్టి గేర్లే అని తీర్పు ఇచ్చేస్తారు. కానీ లివర్ నొక్కినప్పుడు క్లచ్ ప్లేట్ల మీద ఒత్తిడి కూడా పోతుంది కదా. అరిగిన క్లచ్ బెల్ గాడుల్లో ప్లేట్ల చెవులు కొట్టుకుంటున్నా, క్లచ్ హబ్ వదులైనా చప్పుడు మారుతుంది. అంటే ఈ పరీక్ష ఇంజన్‌ను పక్కకు తప్పిస్తుంది గానీ గేర్లకూ క్లచ్‌కూ మధ్య తేల్చదు. అందుకు ముందుగా విప్పవలసింది క్లచ్ కవరు. గాడుల్లో ప్లేట్లు తొలిచిన గుంటలు వేలి గోటికి తగులుతాయి. ఇంజన్ దించకుండా అయ్యే పని అది.

బండి కదిలితేనే వచ్చే చప్పుడుకు లెక్క వేరు. ఖాళీగా ఉన్న చదును రోడ్డు మీద, ఘాట్‌లో మాత్రం కాదు, కాస్త వేగం అందుకుని న్యూట్రల్‌లో వదిలేసి వినాలి. ఇంజన్ ఐడ్లింగ్‌కు పడిపోయినా చప్పుడు చక్రంతోపాటే సాగితే చైన్, స్ప్రాకెట్లు, చక్రం బేరింగులు చూడాలి. ఎక్సలేటర్ ఇచ్చినప్పుడూ వదిలినప్పుడూ టక్కుమనే దెబ్బ చాలావరకు వెనక చక్రంలోని హబ్ రబ్బర్లది. టూరింగ్ బళ్లకు లగేజీ కోసం తగిలించే ఇనుప ఫ్రేములు వెల్డింగ్ దగ్గర చీలి మోగడం కూడా కొత్తేం కాదు. అనుమానమొచ్చిన ముక్కను చేత్తో గట్టిగా పట్టుకుంటే చాలు, విషయం తేలిపోతుంది.

ముప్పై ఏళ్లు చేయి తిరిగిన మెకానిక్ వినగానే చెప్పేస్తాడు, ఈ తతంగమంతా దేనికని అడగొచ్చు. నిజమే, అలాంటి చెవి ఉన్నవాళ్లున్నారు. కానీ వాళ్లను గమనిస్తే, వాళ్లూ స్క్రూడ్రైవర్ మొనను కవరు మీద ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకుని, లివర్ నొక్కుతూ వదులుతూనే వింటారు. వాళ్లు చేసేదీ ఈ పరీక్షలే, కాకపోతే వేగంగా. ఇంకో వాదన మరింత బలమైంది. లక్ష తిరిగిన బండి, ఎలాగూ ఒకరోజు విప్పాల్సిందే, ఇప్పుడే విప్పి అన్నీ మార్చేస్తే పోలా అంటారు. ఇంజన్, గేర్ బాక్స్ ఒకే కేసులో ఉండే 2009 తర్వాతి బండిలో గేర్ల దాకా వెళ్లాలంటే ఇంజన్ దించి కేసు విడదీయాలి. అల్యూమినియం కేసులో బిగుతుగా కూర్చున్న బేరింగును ఊడదీసి మళ్లీ దిగ్గొడితే పాత బిగుతు ఉంటుందన్న హామీ లేదు. ఇన్నేళ్లు ఒకదానితో ఒకటి ఒరుసుకుని కుదురుకున్న పళ్ల జతలో ఒకదాన్నే మారిస్తే కొత్త కూత మొదలవుతుంది. మూలం క్లచ్ బెల్‌లో ఉంటే, ఇంత చేశాక కూడా సిగ్నల్ దగ్గర అదే గలగల.

గేర్ బాక్స్ నిజంగా చెడిపోదని కాదు, చెడితే ప్రమాదమే. బేరింగు పగిలి గేర్లు బిగుసుకుంటే వెనక చక్రం అక్కడికక్కడే ఆగిపోవచ్చు. అయితే అలాంటి జబ్బు బరువు పడినప్పుడే బయటపడుతుంది. ఒక్క గేరులోనే, లాగుతున్నప్పుడే వినిపించే ఊళ, దానంతటదే ఊడిపోయే రెండో గేరు, అన్ని గేర్లలోనూ వేగంతోపాటు పెరిగే గరగర, ఇవీ దాని గుర్తులు. పాత నాలుగు గేర్ల బుల్లెట్లో మరో ఆనవాలుంది. అందులో టాప్ గేరు డైరెక్ట్, శక్తి కింది షాఫ్టు మీదుగా పోదు. మూడో గేరు దాకా మోగి నాలుగులో తగ్గితే ఆ కింది షాఫ్టునే పట్టుకోవాలి. ఆయిల్ కూడా సాక్ష్యం చెబుతుంది. డ్రెయిన్ చేసినప్పుడు అయస్కాంతానికి నల్లటి పేస్టులా అంటుకునేది మామూలు అరుగుదల, రేకుల్లాంటి ఉక్కు ముక్కలు మాత్రం కాదు. అయస్కాంతానికి అంటని పసుపు పొడి బుష్‌లది. తొలి థండర్‌బర్డ్‌లలో గేర్ బాక్స్ ఆయిల్ వేరు కాబట్టి అందులో దొరికింది గేర్ బాక్స్‌దే. తర్వాతి బళ్లలో ఇంజన్, క్లచ్, గేర్లు ఒకే ఆయిల్‌లో మునుగుతాయి, కనుక ముక్క దొరికినా ఎవరిదో పోల్చుకోవాలి. చిక్కటి ఆయిల్ పోసి చప్పుడు అణచడం ఆ సాక్ష్యాన్ని మూసిపెట్టడమే. లాగుతుంటే ఊళ, ఆయిల్‌లో ఉక్కు రేకులు, రెండూ కలిసి కనిపిస్తే పరీక్షలు చాలు. ఇల్లు ఇరవై కిలోమీటర్లే అయినా బండిని ట్రాలీ ఎక్కించాలి.