రక్తం ఎంతుందో ముందే చెప్పండి

దసరా నవరాత్రులంటే బెజవాడలో ఒక రివాజు ఉంది. ఇంద్రకీలాద్రి మీద అమ్మవారి దర్శనం, కిందికి దిగాక టిఫిను, ఆపైన గాంధీనగర్‌లో ఏదో ఒక సినిమా. ఉయ్యూరు నుంచో గుడివాడ నుంచో పిల్లాజెల్లాతో వచ్చినవాళ్లకు పండగంటే అదే. 2025 సెప్టెంబరు 25న, సరిగ్గా ఆ రోజుల్లోనే ‘ఓజీ’ విడుదలైంది. పవన్ కల్యాణ్ సినిమా, పైగా ఆయన రాష్ట్ర ఉప ముఖ్యమంత్రి. బెనిఫిట్ షో టికెట్ వెయ్యి రూపాయలకు అమ్ముకోవచ్చని ప్రభుత్వమే అనుమతిచ్చింది. సెన్సార్ బోర్డు మాత్రం ‘ఎ’ సర్టిఫికెట్ ఇచ్చింది.

‘ఎ’ అంటే పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకు చూపించకూడదు. అమ్మానాన్నలు పక్కనే కూర్చున్నా కుదరదు. చాలామంది పొరబడేది ఇక్కడే. పెద్దవాళ్ల విచక్షణకు వదిలేసేది ‘యూఏ’. 1983లో వచ్చిన ఆ తరగతిని 2024లో 7+, 13+, 16+ అని మూడుగా విడగొట్టారు.

ఒకప్పుడు ‘ఎ’ అనగానే మార్నింగ్ షో బూతు సినిమాలే గుర్తొచ్చేవి. ఆ పోస్టర్ల వైపు పిల్లల్ని చూడనిచ్చేవాళ్లు కాదు. ఇప్పుడా అక్షరం నరుకుళ్ల వల్ల అగ్ర హీరోల సినిమాల మీద పడుతోంది. ‘సలార్’కీ అదే, ‘హిట్ 3’కీ అదే. ముద్దు సీను రాగానే పిల్లాడి కళ్లు మూసే చెయ్యి, తల తెగి పడుతుంటే ఎందుకు లేవదు? పిల్లల్ని తీసుకురావద్దని ‘హిట్ 3’ ప్రచారంలో నానీయే చెప్పారు. మంచి మాట. కానీ ఆ సినిమా వచ్చింది మే 1న, నడి వేసవి సెలవుల్లో. ఇంటిల్లిపాదీ కదిలే రోజులవి, వసూళ్లూ అప్పుడే. రజనీకాంత్ ‘కూలీ’కి ‘యూఏ’ ఇప్పించమని నిర్మాతలు మద్రాసు హైకోర్టు దాకా వెళ్లారు, కోర్టు ఒప్పుకోలేదు. ఒక్క అక్షరం మీద ఎంత డబ్బు ఆధారపడి ఉందో దాన్నిబట్టే తెలుస్తుంది.

తెర మీద హీరో సిగరెట్ వెలిగిస్తే మూలన హెచ్చరిక పడుతుంది. సినిమాకు ముందూ, ఇంటర్వెల్ తర్వాతా ఊపిరితిత్తుల బొమ్మలు చూపిస్తారు. అదే హీరో కత్తి దూస్తే ఒక్క ముక్కా ఉండదు. సర్టిఫికెట్ పడేది లైట్లు ఆరాక. కాగితం ముక్కలు గాల్లోకి లేస్తుంటాయి, ఈలల్లో దాన్ని చదివేదెవరు? అప్పటికే టికెట్ చిరిగింది, పాప్‌కార్న్ పొట్లంతో పిల్లాడు సీట్లో సర్దుకున్నాడు.

ఓటీటీలకు 2021 నుంచి కేంద్రం నిబంధన పెట్టింది. వయసుతో పాటు హింస ఉందో, బూతులున్నాయో మొదట్లోనే చూపాలి, పిల్లల తాళం ఉండాలి. బ్రిటన్ సెన్సార్ సంస్థ అయితే ఏ రకం హింస, ఎంత తీవ్రంగా ఉందో వివరంగా రాస్తుంది. అక్కడి తెలుగు తల్లికి అందే సమాచారం కంకిపాడు తల్లికి ఎందుకు అందకూడదు?

గేటు దగ్గర టికెట్ చింపే కుర్రాణ్ని నిలదీసి లాభం లేదు. వెనక వందమంది తోసుకొస్తుంటే అతను పిల్లాడి వయసు అడగలేడు. చెప్పాల్సింది టికెట్ అమ్మేముందు. పోస్టర్ మీదా, బుకింగ్ యాప్‌లోనూ, కౌంటర్ అద్దం మీదా తెలుగులో రాయాలి: ఈ సినిమాలో తలలు నరికే దృశ్యాలున్నాయి, పద్దెనిమిది నిండనివారికి ప్రవేశం లేదు అని. తెలియక పిల్లలతో వచ్చినవాళ్లకు డబ్బు అక్కడికక్కడే తిరిగివ్వాలి, యాప్‌లో కొన్నా సరే, సర్వీసు చార్జీతో సహా.