లైకు కొట్టిన చెయ్యి జేబులోకి ఎందుకు వెళ్లదు?

కొండపల్లి బొమ్మల తయారీ చూపించే వీడియో ఏదైనా తెరిచి కింద కామెంట్లు చదవండి. ‘మా అమ్మమ్మగారింట్లో కొలువులో ఉండేవి’, ‘సూపర్ అన్నా’, ‘ఇలాంటి కళని బతికించుకోవాలి’, వరసగా దండాలు, మధ్యమధ్యలో ‘ప్రైస్ ప్లీజ్’. దానికి తరచూ వచ్చే జవాబు ‘ఇన్‌బాక్స్ చూడండి’. ఇంతమంది మెచ్చుకున్నాక అమ్మకాలూ అదే లెక్కన ఉండాలనిపిస్తుంది. ఉండవు. దానికి జనం పిసినారితనాన్ని తిట్టుకుని లాభం లేదు. మెచ్చుకోవడం, కొనడం బుర్రలో ఒకే పని కాదు.

2007లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో బ్రయన్ నట్సన్ బృందం 26 మందిని ఎఫ్ఎంఆర్ఐ యంత్రంలో పడుకోబెట్టి కొనుగోళ్లు చేయించింది. ముందు వస్తువు చూపించారు, తరవాత ధర, ఆ తరవాత కొంటారా లేదా అని అడిగారు. వస్తువు నచ్చినప్పుడు మెదడు లోపల న్యూక్లియస్ అక్యుంబెన్స్ అనే భాగం చురుకైంది. ధర మరీ ఎక్కువనిపిస్తే ఇన్సులా అనే వేరే భాగం కదిలింది. నొప్పికీ, రోతకీ కూడా స్పందించే చోటు అది. ఇన్సులా చేసే పనులు ఇంకా చాలా ఉన్నాయి కాబట్టి డబ్బు ఇవ్వడమంటే నొప్పేనని తేల్చెయ్యకూడదు. ఒకటి మాత్రం చెప్పుకోవచ్చు: ధర చెప్పని వీడియో మొదటి ఘట్టం దగ్గరే ఆగిపోతుంది. చూసినవాడికి బొమ్మ నచ్చింది, లైకు కొట్టాడు, అతని వరకు ఆ పని అయిపోయింది. కొనాలా వద్దా అన్న ప్రశ్న అతని ముందుకు రానేలేదు.

పోనీ లైకు కొట్టించుకుంటే అభిమానం పెరిగి రేపైనా కొంటారా? హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌లో లెస్లీ జాన్, ఆమె సహచరులు దీన్నే పరీక్షించి 2017లో ఫలితాలు ప్రచురించారు. ఒక కంపెనీ పేజీకి లైకు కొట్టినవాళ్లు ఆ సరుకు ఎక్కువ కొంటున్న మాట నిజమే. అయితే వాళ్లకి ఆ సరుకంటే ముందునుంచీ ఇష్టం, అందుకే లైకు కొట్టారు. లైకు కొట్టించినంత మాత్రాన ఎవరి కొనుగోలూ పెరగలేదు.

లైకుల సంగతి అలా ఉంచితే, 2020 ఆగస్టు 30న ‘మన్ కీ బాత్’ రేడియో ప్రసంగంలో ప్రధాని దేశంలోని బొమ్మల ఊళ్లను చెబుతూ కొండపల్లి పేరూ తీశారు. మరుసటి ఏడాది ఇండియా టాయ్ ఫెయిర్ కరోనా వల్ల పూర్తిగా ఆన్‌లైన్‌లోనే జరిగింది. ఇలాంటప్పుడు జనం చూపు ఒక్కరోజులో వచ్చేస్తుంది. ఆర్డరు రాసుకుని, బొమ్మ చెయ్యి విరక్కుండా పెట్టెలో సర్ది, అనుకున్న రోజుకి పంపే ఏర్పాటు ఒక్కరోజులో రాదు.

తయారీ వీడియోలు వృథా అనడం లేదు. అవి ధరకి బలం ఇస్తాయి. తెల్లపొణికి కర్రని ఆరబెట్టి, కాళ్లూ చేతులూ తలా విడివిడిగా చెక్కుతారు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో వాటిని అతికించి, అతుకు కనబడకుండా నునుపు చేసి, తెల్లపూత వేసి ఆరాక రంగులు దిద్దుతారు. ఇదంతా చూసినవాడికి ధర వేరుగా వినిపిస్తుంది. 2004లో జస్టిన్ క్రూగర్ బృందం ఒకే కవితని కొందరికిచ్చి 4 గంటల్లో రాశారని, ఇంకొందరికిచ్చి 18 గంటలు పట్టిందని చెప్పింది. 18 గంటలన్నవాళ్లకే అది ఎక్కువ నచ్చింది, దాని విలువా ఎక్కువే కట్టారు. అందుకని ధర చెప్పాల్సిన చోటు ఇన్‌బాక్స్ కాదు, ఆ చెక్కుడు చూస్తూ ఉన్న క్షణం.

కొలత కూడా చెప్పాలి. తెరమీద అంబారీ ఏనుగు జానెడు ఉంటుందో మూరెడు ఉంటుందో ఎవరికి తెలుస్తుంది? దుకాణంలో అయితే చేతిలోకి తీసుకుంటాం. చేత్తో తాకిన వస్తువు అప్పుడే మనదైపోయినట్టు అనిపిస్తుందని జోఆన్ పెక్, సుజాన్ షు 2009లో చూపించారు. తాకినట్టు ఊహించుకున్నా ఆ భావన కొంత కలుగుతుందట. బొమ్మని బల్లమీద కాకుండా అరచేతిలో పెట్టి తిప్పి చూపిస్తే కొలతా తెలుస్తుంది, ఆ ఊహకీ వీలు దొరుకుతుంది.

ఇక ఒకేసారి ఎన్ని రకాల బొమ్మలు చూపించాలన్న సంగతి. కాలిఫోర్నియాలో ఒక సూపర్ మార్కెట్‌లో జామ్ సీసాలతో చేసిన ప్రయోగం (2000) బాగా ప్రసిద్ధం: 24 రకాలు పెడితే ఎక్కువమంది ఆగారు గానీ, ఆగినవాళ్లలో నూటికి ముగ్గురే కొన్నారు. 6 రకాలు పెట్టినప్పుడు నూటికి ముప్పయిమంది కొన్నారు. తరవాతి ప్రయోగాలన్నిటినీ కలిపి చూస్తే ఈ ప్రభావం ప్రతిచోటా కనబడలేదు. అందుకే దీన్ని సూత్రంలా పట్టుకోనక్కర్లేదు.

నాకు వీటన్నిటికన్నా ఆశ కలిగించేది ఒక కార్ వాష్ ప్రయోగం. 2006లో జోసెఫ్ నూన్స్, గ్జావియర్ డ్రెజ్ రెండు రకాల కార్డులు పంచారు. ఒకదానిలో 8 ముద్రలు పడితే ఒకసారి కడగడం ఉచితం. రెండోదానిలో 10 కావాలి, కానీ 2 ముందే వేసి ఇచ్చారు. రెండిట్లోనూ మిగిలింది ఎనిమిదే. అయినా మొదటి కార్డువాళ్లలో 19 శాతం పూర్తి చేస్తే, రెండోవాళ్లలో 34 శాతం పూర్తి చేశారు. మొదలైపోయిందనిపించిన పనిని మనిషి అంత తేలిగ్గా వదల్లేడు.

కొండపల్లి దగ్గర దశావతారాలు ఉన్నాయి! పది బొమ్మల ధర ఒక్కసారి చెబితే గుండె గుభేలుమంటుంది. మత్స్యం, కూర్మం మొదట పంపి, మిగతా ఎనిమిదికీ ఖాళీ గళ్లున్న చిన్న పీట కూడా ఇస్తే? పైగా కృష్ణా జిల్లా ఇళ్లల్లో సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టుకోవడం, ఏటా ఒక కొత్త బొమ్మయినా చేర్చుకోవడం పాత ఆనవాయితీ. ప్రకటనల కంపెనీలు కోట్లు పోసి అలవాటు చెయ్యాలని చూసే మళ్లీ మళ్లీ కొనుగోలు ఇక్కడ పండగ పేరుతో ఎప్పటినుంచో ఉంది. డాలస్‌లోనో హైదరాబాద్‌లోనో ఉన్న కోడలు ‘కళని కాపాడదాం’ అంటే లైకు కొడుతుంది. ‘ఈ ఏడు మీ కొలువులోకి వరాహం వస్తోంది, డిసెంబరు మొదటివారం లోపు చెప్పండి’ అంటే ఫోను తీసి అత్తగారిని అడుగుతుంది.

డబ్బు కట్టడంలో అడ్డంకి 2016లో యూపీఐ వచ్చాక చాలావరకు తీరింది. క్యాష్ ఆన్ డెలివరీ జోలికి మాత్రం చేతిపనివాళ్లు వెళ్లకపోవడమే మంచిది. మనసు మార్చుకున్నవాడి పెట్టె వెనక్కి వస్తే రానూపోనూ కొరియరు ఖర్చు, దార్లో విరిగిన తొండం, రెండూ చేసినవాడి మీదే పడతాయి. సగం అడ్వాన్సు అడిగితే ‘ప్రైస్ ప్లీజ్’లు సగానికి సగం పడిపోతాయి, పడిపోనివ్వాలి.

ఎందుకంటే ఇది ఎంతమంది అడిగితే అన్ని పుట్టే సరుకు కాదు. కర్ర అడవి నుంచి రావాలి, ఆరాలి. వానాకాలంలో ఏదీ తొందరగా ఆరదు. ఒక కుటుంబం ఏడాదికి చేయగలిగిన బొమ్మలకి ఒక లెక్క ఉంటుంది. లక్ష మంది ఫాలోవర్లలో ఏటా ముందే సగం డబ్బు కట్టే రెండు వందల ఇళ్లు దొరికితే ఆ కుటుంబానికి చేతినిండా పని. ఆ రెండు వందల పేర్లూ, ఏ ఇంటికి ఏ అవతారం దాకా వెళ్లిందో ఒక నోటు పుస్తకంలో రాసుకుంటే చాలు.