కత్తి దుయ్యకుండా గెలిచే ఆట

కోట వాకిట నలుగురు నిలబడ్డారు. వారి ఊరి మీదికి దండు వస్తోంది. ప్రభువు సైన్యం పంపితే తప్ప ఊరు దక్కదు. ఆయనేమో విందు భోజనం ముందు కూర్చుని మాట చెవిన పెట్టడం లేదు. నలుగురిలో ఒకడు కత్తి దూస్తే పదిమందిని పడగొట్టగలడు. కాని ఇక్కడ కత్తికి పనిలేదు. మరేం చేయాలి?

ఇది జానపద సినిమా కాదు. అమెరికాలో పుట్టి, బల్ల చుట్టూ కూర్చుని ఆడే ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆటలో వచ్చే ఘట్టం. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన ఈ ఆట 1974లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా అనే చిన్న పట్నం నుంచి మొదట వెయ్యి ప్రతులుగా వెలువడింది. ఆడేవారిలో ఒకరు వీరుడు, ఒకరు మాంత్రికుడు, ఒకరు దొంగ, ఇలా తలా ఒక పాత్ర ధరిస్తారు. కథ నడిపే సూత్రధారి వేరే ఉంటాడు. ‘ఎదురుగా నది, ఏం చేస్తారు?’ అని అతడు అడుగుతాడు. చెప్పిన పని నెగ్గిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. పాచిక మీద పడిన అంకెకు ఆ పాత్రకున్న నేర్పు కలుపుతారు. సూత్రధారి పెట్టిన అంకెను అది అందుకుంటే పని అయినట్టే.

యుద్ధాల ఆటగా పేరుపడినా దీని మూలంలో యుద్ధం లేని ఆట ఒకటుంది. 1969లో మిన్నెసోటా రాష్ట్రపు జంట నగరాల్లో డేవిడ్ వెస్లీ అనే ఆయన మిత్రులను సైన్యాల ఆటకు పిలిచి, కొందరికి పటాలాలకు బదులు పట్టణ మేయరు, బ్యాంకరు, విశ్వవిద్యాలయ అధిపతి వేషాలిచ్చారు. ఇక చూడండి, గుసగుసలు, బేరాలు, కుట్రలు! ఆట చెడిపోయిందనుకున్నారు వెస్లీ. ఆడినవారు మాత్రం మళ్ళీ పెట్టమని పట్టుబట్టారు. ఆ బృందంలోని వాడే ఆర్నెసన్.

నోరున్న వాడిదే రాజ్యమా?

అయినా చాలాకాలం ఒక చిక్కు ఉండిపోయింది. పోరాటానికి బోలెడన్ని నియమాలు, అందరికీ వంతులు. రాయబారమో, దారి వెతకడమో వస్తే మాటకారి ఒక్కడు పాచిక విసిరేవాడు, మిగిలినవారు ఆవలించేవారు. శ్రీకృష్ణ రాయబారం నాటకం చూసినవారికి మాటల ఘట్టం ఎంత ఉత్కంఠగా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. ఆ ఉత్కంఠ ఒక్క పాచికతో తేలిపోతే ఏం రుచి?

2008లో వచ్చిన నాలుగో కూర్పు దీనికి ‘స్కిల్ ఛాలెంజ్’ అనే పద్ధతి పెట్టింది. ఇన్నిసార్లు నెగ్గాలి, అంతకుముందే ఇన్నిసార్లు ఓడకూడదు అన్నది దాని సూత్రం. తేలికపాటి పరీక్షకు రెండు ఓటములు పడకముందే నాలుగు గెలుపులు కావాలి. నెగ్గితే రాక్షసుణ్ణి చంపినంత ప్రతిఫలం. ప్రభువుతో రాయబారం ఆ పుస్తకంలోని నమూనాల్లో ఒకటి. అందులో ప్రభువును బెదిరిస్తే పాచికతో నిమిత్తం లేకుండా ఓటమి కిందే లెక్క. కండబలం గలవాడు సైతం అక్కడ నోరు అదుపులో పెట్టుకోవలసిందే.

అయితే లెక్క తప్పింది. ఇరవై ముఖాల్లో పదమూడు అనుకూలమైనవే అనుకుందాం. తేలికే కదా అనిపిస్తుంది. కాని రెండు ఓటముల హద్దుతో నాలుగు గెలుపులు దక్కే అవకాశం నూటికి సుమారు 43 మాత్రమే. ‘తేలిక’ పరీక్షలోనే సగానికి పైగా ఓటమన్నమాట. అదే ఏడాది ప్రచురణకర్తలు నియమం సవరించి అన్ని పరీక్షలకూ మూడు ఓటముల హద్దు పెట్టారు. పైన చెప్పిన లెక్కనే అవకాశం 65కు పెరిగింది. అందుకోవలసిన అంకెలనూ తగ్గించారు.

తాడు తెగితే కథ ఆగదు

నియమం బాగుపడినా సూత్రధారి మొద్దైతే ఫలితం లేదు. ‘ఆరు గెలుపులు కావాలి, కానివ్వండి’ అంటే అందరూ తమ పెద్ద అంకె చూసుకుని పాచికలు దొర్లిస్తారు. దానికన్నా అష్టాచెమ్మా నయం.

తెలిసిన సూత్రధారి అంకెలు మనసులోనే ఉంచుకుంటాడు. ఏటికి వరద వచ్చింది, చీకటి పడేలోగా ఊరివాళ్ళను దాటించాలి అంటాడు. బలశాలి తాడు పట్టుకుంటాడు. దొంగ పడవ ఎక్కడ దాచారో కనిపెడతాడు. వైద్యం తెలిసినామె భయపడ్డ ముసలమ్మను నచ్చజెప్పి లేవదీస్తుంది. ఎవరు ఏం చేస్తారో ముందు చెప్పాలి, తరువాతే పాచిక. పడకపోతే ‘ఓడారు’ అని చెప్పి ఊరుకోడు. తాడు తెగి విత్తనాల బస్తాలు కొట్టుకుపోతాయి. రెండోసారి పడకపోతే పడవకు చిల్లు పడుతుంది. వైకుంఠపాళిలో పాము మింగినా ఆట ఆగదు కదా. ప్రతి ఓటమికీ ఏదో ఒకటి పోవాలి, కథ మాత్రం కదలాలి.

2014లో వచ్చిన అయిదో కూర్పు మూల గ్రంథాల్లో ఈ పద్ధతి లేదు. నేర్పుకు పాచిక వేయడం ఉంది గాని, గెలుపు ఓటముల వరుస తీసేశారు. అయినా చాలామంది సూత్రధారులు పాత లెక్కను తమ బల్లల మీద ఇప్పటికీ వాడుకుంటున్నారు.

కోట దగ్గరి నలుగురి సంగతంటారా? బలశాలి ఓపిక పట్టలేక బల్ల గుద్దాడు. అది మూడో ఓటమి. సైన్యం రాదు. ప్రభువు వారిని గెంటించాడు. గుమ్మం దాటుతుంటే వంటవాడు చెవిలో ఊదాడు, దండు రావడానికి ఇంకో రాత్రి పడుతుందట. ఊరంతా ఖాళీ చేయించాలి. బండ్లు ఎన్నున్నాయి అని సూత్రధారి అడుగుతున్నాడు.