పడవ అడుగున పాత పైపు



"కడప జిల్లా వాళ్లకు పడవల గొడవ ఎందుకు?" అని మీలో కొందరు అడగవచ్చు. ఆ మాట నిజమే. మా ప్రొద్దుటూరు నుండి సముద్రం చూడాలంటే నెల్లూరు కూడా దాటిపోవాలి. అయినా మన పెన్నమ్మ గండికోట లోయలో నుండి వచ్చి, మైలవరం ఆనకట్ట దాటి, జమ్మలమడుగు, ప్రొద్దుటూరుల మీదుగా ఆ సముద్రానికే పోతుంది. గండికోట జలాశయంలో 26.85 టి.యం.సి.ల నీరు పడుతుంది. శ్రీశైలం నీరు గాలేరు-నగరి కాలువ ద్వారా అక్కడికి చేరుతుంది. పులివెందుల వైపు పార్నపల్లె దగ్గర చిత్రావతి మీద ఇంకొక జలాశయం ఉంది. నీరున్న చోట చేప, చేప ఉన్న చోట వల, వల ఉన్న చోట పడవ ఉంటాయి గదా! కరువు సీమ అని పేరుబడ్డ మన ప్రాంతంలో ఈనాడు పడవ మీద బ్రదికే కుటుంబాలు ఉన్నాయి. అటువంటి ఒక కుటుంబం మా చిన్నాయనది.

2020లో గండికోటలో నీటి నిల్వ పెంచినప్పుడు కొండాపురం మండలంలో తాళ్ల ప్రొద్దుటూరు వంటి ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఆ వైపే మా చిన్నాయనకు ఉన్న కొద్దిపాటి మెట్ట చేను కూడా నీటి కిందికి పోయింది. చేతికి వచ్చిన సొమ్ములో కొంత పెట్టి ఆయన నెల్లూరు తీరం నుండి ఒక పాత ఫైబర్ పడవను లారీ మీద తెప్పించుకున్నాడు. లోపల చిన్న డీజిల్ ఇంజను బిగించిన పడవ అది. మన తీరంలో ఇటువంటి పడవలకు కొంత చరిత్ర ఉంది. 1980వ దశకంలో ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ వారు మద్రాసు కేంద్రంగా బంగాళాఖాత కార్యక్రమం నడిపి, అలలను దాటి ఒడ్డుకు చేరగల ఫైబర్ పడవలను తయారుచేయించి పరీక్షించారు. చెక్కకు చెద ఉంది, ఇనుముకు తుప్పు ఉంది, ఫైబర్‌కు ఏమీ లేదని చాలామంది అనుకుంటారు. మేమూ అట్లాగే అనుకున్నాము.

ఏడు గడుస్తాదిలే!

పడవ పైన పడిన వాననీరు, వలల నుండి కారిన నీరు బయటికి పోవడానికి వెనుక వైపు రెండు తూములు ఉంటాయి. లోపల నుండి హోస్ పైపు వచ్చి పడవ గోడకు బిగించిన ఇత్తడి తూములో కలుస్తుంది. అడుగున చేరిన నీటిని పంపు తోడిపోసేది మూడవ తూము. ఇంజను చల్లబడడానికి నీటిని లోపలికి తీసుకొనేది నాలుగవది. ఈ నాలుగవది ఎప్పుడూ నీటి మట్టానికి కిందనే ఉంటుంది. చెరువుకు తూము ఎట్లాగో పడవకు ఇవి అట్లాగే. కట్ట ఎంత గట్టిదైనా తూము చెడితే చెరువు నిలువదు.

2023 సంక్రాంతి సెలవులలో మేము వెళ్లినప్పుడు తమ్ముడు, అంటే చిన్నాయన కొడుకు, అడుగు పలకలు ఎత్తి మాకు చూపించాడు. పైపు ఎండకు పగిలి నల్లగా పెళుసుబారి ఉంది. క్లిప్పు ముట్టుకుంటే తుప్పు రాలింది. "నాయనా, ఇవన్నీ మార్చాల" అన్నాడు తమ్ముడు. చిన్నాయన నవ్వి, "ఈ ఏడు గడుస్తాదిలేప్పా. ముందు పాప పెండ్లి కానీ" అన్నాడు. ఆయన మా వైపు చూశాడు. మేము కూడా, "అవును చిన్నాయనా, పెండ్లి ముఖ్యం. పైపులదేముంది, తర్వాత చూసుకోవచ్చు" అన్నాము. ఆ మాట అన్నందుకు ఈనాటికీ మాకు సిగ్గుగానే ఉంది. ఈ వ్యాసం వ్రాయడానికి కారణం కూడా అదే.

ఆ సాయంత్రం జరిగినది

పాప పెండ్లి పులివెందులలో చక్కగా జరిగింది. మూడు వారాల తర్వాత ఒక సాయంత్రం తమ్ముడు, ఇంకొక కూలి, తమ్ముని పన్నెండేండ్ల కొడుకు వలలు ఎత్తి వస్తున్నారు. ఆ రోజు బొచ్చె, శీలావతి చేపలు బాగా పడ్డాయి. పెట్టెలన్నీ పడవ వెనుక వైపు పేర్చారు. ఎప్పుడూ నీటికి నాలుగు వేళ్లు పైన ఉండే తూములు ఆ బరువుకు నీటిలో మునిగాయి. ఇంజను అదురుకు తుప్పు పట్టిన క్లిప్పు తెగి, లోపల పైపు ఊడిపోయింది. ఇంజను మోతలో నీటి చప్పుడు ఎవరికీ వినబడలేదు. చీకటి పడుతున్నందున కంటికీ కనబడలేదు. "నాయనా, కాళ్లు తడుస్తుండాయి" అని పిల్లవాడు చెప్పిన తర్వాతనే తెలిసింది.

ఒకటిన్నర అంగుళాల రంధ్రం నీటి మట్టానికి నాలుగు అంగుళాలు దిగువన ఉంటే, సెకనుకు సుమారు ఒక లీటరు నీరు లోపలికి వస్తుంది. నిమిషానికి అరవై లీటర్లు, అంటే నాలుగు బిందెలు. పది నిమిషాలకు ఆరు వందల లీటర్లు, అంటే ఆరు వందల కిలోల బరువు! ఎనిమిది మంది మనుషులు చెప్పకుండా పడవ ఎక్కి కూర్చున్నట్లే. ఆ బరువుకు పడవ ఇంకా దిగుతుంది, దిగినకొద్దీ నీరు ఇంకా వేగంగా వస్తుంది. అందుకే ఇటువంటి ప్రమాదం మొదట నింపాదిగా కనబడి, చివర ఒక్కసారిగా ముంచుతుంది.

తమ్ముడు పిల్లవాని నడుముకు ఖాళీ డబ్బా కట్టాడు. కూలి మనిషి చేపల పెట్టెలు నీటిలోకి తోసివేశాడు. వెనుక బరువు తగ్గగానే తూములు కొంచెం పైకి తేలాయి. తువ్వాలు చుట్టచుట్టి రంధ్రంలో కుక్కి, బక్కెట్టుతో తోడుకుంటూ ఎట్లాగో ఒడ్డు చేరారు. ప్రభువు కృపవలన ప్రాణాపాయం కలుగలేదు. ఆ రాత్రి చిన్నాయన మనుమణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకొని అన్నం తినకుండా అట్లాగే ఉండిపోయాడట. ఆ క్లిప్పు ఖరీదు ఒక కిలో చేపల ధర కూడా కాదు.

విప్పి చూస్తే

సముద్రంలో మరబోట్లకు ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు వేట నిషేధం ఉంటుంది. ఆ అరవై ఒక్క రోజులలోనే తీరంలో పడవలను గట్టుకు లాగి మరమ్మతులు చేసుకుంటారు. ఆ వేసవిలో మేము తీరం నుండి ఒక పెద్ద మేస్త్రీని పిలిపించాము. ఆయన చేసిన పనిని దగ్గరుండి చూసి, పడవ ఉన్న మన కుటుంబాల కొరకు ఇక్కడ వ్రాస్తున్నాము.

మొదట ఆయన పాత పైపును పట్టి గుంజలేదు. కత్తితో పొడవునా చీల్చి తీశాడు. గుంజితే పాత తూము మెడ విరుగుతుందన్నాడు. తర్వాత ఇత్తడి తూమును గీరి చూపించాడు. లోపల పసుపు రంగు పోయి గులాబి రంగు తేలింది. ఇత్తడి అంటే రాగి, జింకు కలిసిన లోహం. ఉప్పునీటిలో ఏండ్ల తరబడి ఉంటే జింకు కరిగిపోయి, బోలుబోలుగా రాగి మాత్రం మిగులుతుంది. చూడడానికి తూము తూములాగే ఉంటుంది, సుత్తితో తట్టితే బిస్కత్తులా విరుగుతుంది. అందుకే నీటి మట్టానికి కింద కంచు తూము గాని, పడవల కొరకే చేసిన గట్టి నైలాన్ తూము గాని వాడాలి. ఇంటి కుళాయిలకు వాడే ఇత్తడి సామాను, పి.వి.సి. సామాను అక్కడ పనికిరావు.

తూము తీసిన చోట ఫైబర్ పొరల నడుమ ఉన్న ప్లైవుడ్ తడిసి మెత్తబడి ఉంది. మెత్తని భాగమంతా తొలిచి, కొన్ని రోజులు ఎండకు ఆరనిచ్చి, రెసిన్‌తోను ఫైబర్ మ్యాటుతోను పూడ్చాడు. కొత్త రంధ్రం తొలిచిన తర్వాత దాని అంచులకు కూడా రెసిన్ పట్టించాడు. ఈ పని మానితే నీరు మరల పొరల నడుమకు దూరుతుంది. లోపలి వైపు దన్నుగా ఒక మందపాటి పలకను అతికించి, సీలెంట్ పూసి తూమును బిగించాడు. పడవలకు వాడే పాలీయురేథేన్ సీలెంట్ అది. స్నానాల గదుల్లో వాడే సిలికాన్ చాలదు. మొదటిసారే పూర్తిగా బిగించితే సీలెంట్ అంతా బయటికి వచ్చేస్తుంది. కాబట్టి బిగువును మితంగా ఉంచి, అది ఆరేవరకు కదిలించలేదు.

ఇంజను నీటి తూముకు పాత పడవలో చక్రం త్రిప్పే గేటు వాల్వు ఉండేది. అది తెరిచి ఉందో మూసి ఉందో చూసి చెప్పలేము. పైగా లోపలి కాడ తుప్పుపట్టి తెగితే చక్రం ఊరికే తిరుగుతుంది. దాని స్థానంలో పిడిని పావు చుట్టు త్రిప్పితే మూసుకొనే వాల్వు పెట్టించాము. పిడి పైపు వెంబడి ఉంటే తెరిచినట్లు, అడ్డంగా ఉంటే మూసినట్లు. ఇంజను ఆపి ఇంటికి వచ్చేటప్పుడు దానిని మూసి రావాలి.

పైపు, క్లిప్పు

కొత్త అల్లుడు పులివెందుల దగ్గర అరటితోట వాడు. డ్రిప్పు పైపుల పని చేతికి అలవాటైనవాడు. "తోటలో వాడే పైపే వేస్తే పోదా?" అని మేము అడిగాము. అతడు చిన్నాయన వైపు తిరిగి, "మామా, తోటలో పైపు ఊడితే నీళ్లు మడిలోకి పోతాయి. ఇక్కడ ఊడితే మనమే పోతాము" అన్నాడు. ఆ మాటతో తీగ అల్లిక ఉన్న గట్టి రబ్బరు పైపు తెప్పించారు. పైపు కొనను వేడినీటిలో ముంచితే మెత్తబడి తూము మెడ మీదికి సులువుగా ఎక్కుతుంది. ప్రతి కొనకు రెండేసి స్టెయిన్‌లెస్ స్టీలు క్లిప్పులు వేయాలి. ఒకటి తెగినా రెండవది పట్టి ఉంచుతుంది. మరలు కూడా స్టెయిన్‌లెస్ స్టీలువే కావాలి. క్లిప్పును కొనేముందు అయస్కాంతం పెట్టి చూస్తే నాసిరకం మరలు చాలావరకు పట్టుబడతాయి.

పంపు పైపును తూము వరకు తిన్నగా తేకుండా, నీటి మట్టానికి బాగా పైకి ఎత్తి, హంస మెడలాగా వంచి కిందికి దించారు. పడవ బరువుకు దిగినా, ఒరిగినా బయటి నీరు ఆ వంపు దాటి లోపలికి రాలేదు. ప్రతి తూము ప్రక్కన దానికి సరిపోయే కోసు చెక్క బిరడాను త్రాటితో కట్టి ఉంచారు. పైపు తెగితే చీకటిలో కూడా చేయి చాచి అందుకొని కొట్టవచ్చు.

చివరగా, ఖాళీ పడవలో ఇసుక సంచులు పేర్చి, నిండు బరువుతో పడవ ఎంత దిగుతుందో చూసి, ఆ మట్టానికి ఎర్రరంగు గీత గీశారు. వెనుక తూములను ఆ గీతకు పైకి మార్చారు. అంతకుముందు ఖాళీ పడవను చూసి కొలిచారు, అదే మూలకారణం. నీటిలోకి దించిన మొదటి రోజంతా పడవను ఒడ్డునే కట్టివేసి, ప్రతి అతుకు కింద వార్తాపత్రిక కాగితం పరచి చూశాము. కాగితం తడిస్తే అతుకు కారుతున్నట్లే.

పుట్టి ఉన్నవారికి ఒక మాట

మన జలాశయాల మీద పుట్టితో చేపలు పట్టేవారూ ఉన్నారు. పుట్టికి తూములు లేవు గాని చిల్లులు పడతాయి. వెదురు బద్దలు ఎక్కడ పైకవరును ఒరుస్తున్నాయో, తారు ఎక్కడ బీటలు వారిందో ఏటా వేసవిలో తిరగవేసి చూడండి. నోవహు ఓడకు లోపలా వెలుపలా కీలు పూయించిన సంగతి మనకు చిన్ననాటి నుండి తెలిసినదే. పడవ ఏదైనా ఎక్కిన ప్రతివానికి, ముఖ్యంగా పిల్లలకు, లైఫ్ జాకెట్టు ఉండాలి. నడుముకు ఖాళీ డబ్బా అన్నిసార్లూ కాపాడదు.

ఇప్పుడు చిన్నాయన ప్రతి శనివారం సాయంకాలం అడుగు పలకలు ఎత్తి, చేతిబ్యాటరీ వేసి, పైపులన్నీ వ్రేళ్లతో నొక్కి చూస్తున్నాడు. మనుమడు ప్రక్కన కూర్చొని క్లిప్పులు లెక్కపెడతాడు. "పదారు ఉండాయి జేజినాయనా" అంటే గాని ఆయన పలక మూయడు. మొన్న మేము వెళ్లినప్పుడు ఆ లెక్క మా చేత కూడా చేయించాడు. మేము మారుమాట లేకుండా మోకాళ్ల మీద వంగి లెక్కపెట్టాము.